బావ మాట బేస్ సెట్‌కు ఎందుకు అందట్లేదు?

ప్రశ్న: గురువుగారికి నమస్కారం. మాది శ్రీకాకుళం, అరసవల్లి వైపు. నాకూ మా బావకీ హ్యామ్ (అభిరుచి కొద్దీ రేడియోలో మాట్లాడుకునేవారి) లైసెన్సులు ఉన్నాయి. మా రెండంతస్తుల మేడ మీద ఇనుప గొట్టం నిలబెట్టి యాంటెన్నా బిగించాను. నేల నుంచి 12 మీటర్ల ఎత్తు ఉంటుంది. కింద గదిలో 25 వాట్ల బేస్ సెట్ ఉంది. బావ దగ్గర 5 వాట్ల హ్యాండ్‌సెట్ ఉంది. ఆయన పని మీద తరచూ శ్రీకూర్మం వెళ్తుంటారు. అక్కడ గుడి దగ్గర నిలబడినా నా మాట తేటగా వినబడుతుందట. ఆయన మాట మాత్రం మా ఇంటి నుంచి నాలుగు కిలోమీటర్లు దాటితే నాకు రాదు. ఫోన్ చేసి "నీ మాట గణగణ వినబడతంది, నా మాట నీకు అందట్లేదేటి?" అంటారు. ఒక మిత్రుడు 50 వాట్ల సెట్ కొనమంటున్నారు. షాపాయన పెద్ద యాంటెన్నా వేయమంటున్నారు. కేబులే పాడైందేమోనని నా అనుమానం. తిత్లీ తుఫాను అప్పుడు ఉద్దానంలో ఉన్న మావాళ్ల కబురు తెలియక పడ్డ టెన్షన్ మళ్లీ పడకూడదనే ఇదంతా పెట్టుకున్నాను. ఇంకో మాట. మొన్న ఒక రాత్రి చాలాసేపు కరెంటు పోయింది. ఇన్వర్టర్ కూడా ఆగిపోయింది. సెట్‌ను కారు బ్యాటరీకి తగిలిస్తే శ్రీకూర్మం నుంచి బావ మాట కాసేపు బాగానే వచ్చింది. కరెంటు రాగానే పోయింది. అదేదో యాదృచ్ఛికం అనుకుని వదిలేశాను. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

సమాధానం: మీరు వదిలేసిన ఆ చివరి సంగతిలోనే జవాబుంది. కరెంటు లేనప్పుడు వచ్చిన మాట కరెంటు రాగానే పోయిందంటే, కరెంటుతో నడిచేది ఏదో మీ బేస్ సెట్ చుట్టూ రేడియో రొద పుట్టిస్తోంది. బావగారి మాట మీ యాంటెన్నా దాకా వస్తూనే ఉంది, కానీ ఆ రొదలో మునిగిపోతోంది. ఆ రొద ఎక్కడిదో తేలేదాకా కొత్త సెట్ కొనకండి, పెద్ద యాంటెన్నా కూడా వేయకండి.

మన తీరంలో కొన్ని రాత్రులు గాలి పొరల వల్ల సిగ్నళ్లు మామూలు కంటే దూరం పోతాయి, ఆ రాత్రి జరిగింది కూడా అదే కావచ్చు కదా అని ఎవరైనా అనవచ్చు. అలాంటి రాత్రులు నిజంగానే ఉంటాయి. కానీ గాలి పొరలు కరెంటు వచ్చిన నిమిషాన మారిపోవు.

ముందు యాంటెన్నా, కేబుల్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే ఇలాంటి ఇబ్బంది వచ్చిన ప్రతివారూ మొదట డబ్బు పోసేది వాటి మీదే. యాంటెన్నా పంపేటప్పుడు ఎంత బాగా పనిచేస్తుందో అందుకునేటప్పుడూ అంతే బాగా పనిచేస్తుంది. కేబుల్‌లో సగం బలం పోతుంటే మీ మాట వెళ్లేటప్పుడూ సగం పోతుంది, బావగారి మాట వచ్చేటప్పుడూ సగం పోతుంది. దారిలో ఉన్న మేడలు, కొబ్బరి తోటలు రెండు వైపులా ఒకే లెక్కన అడ్డుపడతాయి. బావగారి చేతిలో ఉన్న పొట్టి రబ్బరు యాంటెన్నా కూడా అంతే. అది మీ మాట అందుకోవడంలో ఎంత బలహీనమో, ఆయన మాట పంపడంలోనూ అంతే బలహీనం. వీటిలో ఏది పాడైనా రెండు మాటలూ కలిసే తగ్గుతాయి. మీకు ఒక వైపే తగ్గింది. అంటే తప్పు రెండు వైపులకూ ఉమ్మడిగా ఉన్న చోట లేదు.

ఒక వైపుకు మాత్రమే చెందేవి కొన్నే ఉన్నాయి: ఎవరు ఎన్ని వాట్లు పంపుతున్నారు, అందుకునే చోట ఎంత రొద ఉంది, అందుకునే సెట్ సరిగ్గా ఉందా, దాని సెట్టింగులు ఎలా పెట్టారు.

వాట్ల లెక్క చూద్దాం. మీవి 25, ఆయనవి 5. ఐదు రెట్ల తేడా. రేడియో వాళ్ల భాషలో 7 డెసిబెల్స్. ఇది దూరంలో ఎంత తేడా తెస్తుందో చాలామందికి సరైన అంచనా ఉండదు, ఐదు రెట్లు పవర్ అంటే ఐదు రెట్లు దూరం అనుకుంటారు. అరసవల్లి నుంచి శ్రీకూర్మం దాకా ఉన్నలాంటి సమతలపు నేల మీద, ఒక చివర మనిషి చేతి ఎత్తులో ఉన్నప్పుడు, దూరం రెట్టింపైతే అందే సిగ్నల్ సుమారు పదహారో వంతుకు పడిపోతుంది. ఆ లెక్కన ఐదు రెట్ల పవర్ కొనిచ్చే దూరం ఒకటిన్నర రెట్లు మాత్రమే. మీ మాట శ్రీకూర్మం దాకా, అంటే తిన్నగా చూస్తే పది పదకొండు కిలోమీటర్లు వెళ్తోంది కాబట్టి, తేడా కేవలం పవర్‌దే అయితే బావగారి మాట మీకు కనీసం ఏడు కిలోమీటర్ల నుంచి రావాలి. నాలుగు దగ్గరే ఆగిపోతోంది. రెండు దూరాల మధ్య దాదాపు రెండుముప్పావు రెట్లు తేడా ఉంది. అంత తేడా రావాలంటే సిగ్నల్ బలంలో యాభై రెట్లకు పైగా తేడా ఉండాలి. అందులో ఐదు రెట్లు పవర్ ఖాతాలో పోయినా, ఇంకా పది రెట్ల పైచిలుకు తేడాకు లెక్క తేలలేదు. ఈ లెక్కలు నేల తీరుని బట్టి కొంత అటూ ఇటూ అవుతాయి కానీ, ఇంత పెద్ద తేడాని నేల మీద తోసేయలేం.

మీ యాంటెన్నా ఎత్తులోనూ లోపం లేదు. 12 మీటర్ల ఎత్తుకు రేడియో చూపు, అంటే భూమి వంపు అడ్డురాకుండా తరంగాలు వెళ్లే దూరం, దాదాపు 14 కిలోమీటర్లు. బావగారు నిలబడి పట్టుకున్న హ్యాండ్‌సెట్‌కు ఇంకో 5 కలుపుకోవచ్చు. శ్రీకూర్మం ఆ హద్దులోపలే ఉంది.

రొద ఎలా పనిచేస్తుందో అరసవల్లి వారికి చెప్పడం తేలికే. రథసప్తమి నాడు గుడి ముందు జనంలో నిలబడి, దూరంగా పొలం గట్టు మీద ఉన్న మనిషిని కేకేయండి. అతనికి మీ కేక వినబడుతుంది, ఎందుకంటే అతని చుట్టూ నిశ్శబ్దం. అతను తిరిగి అంతే గట్టిగా అరిచినా మీకు వినబడదు. అతని గొంతులోనూ లోపం లేదు, మీ చెవిలోనూ లోపం లేదు. బావగారు నిలబడే చోట ఆరుబయట చుట్టూ ఎలక్ట్రానిక్ సామాను తక్కువ. మీ యాంటెన్నా చుట్టూ పట్టణం ఉంది.

ఈ రొద మీకు ఇన్నాళ్లూ తెలియకపోవడానికి కారణం ఉంది. పాత ఏఎం రేడియోలో అయితే పక్కింట్లో మిక్సీ వేసినా గరగరమని వినబడేది. మీ సెట్ ఎఫ్ఎంలో పనిచేస్తుంది. సిగ్నల్ లేనప్పుడు స్క్వెల్చ్ అనే ఏర్పాటు స్పీకర్ నోరు మూసేస్తుంది కాబట్టి మీకు నిశ్శబ్దమే వినబడుతుంది. స్క్వెల్చ్ పూర్తిగా తెరిచి విన్నా, ఎఫ్ఎం రిసీవర్ లోపల ఉండే లిమిటర్ వల్ల రొద తక్కువున్నా ఎక్కువున్నా ఆ హోరు ఇంచుమించు ఒకే గట్టితనంతో ఉంటుంది. చెవితో విని ఇక్కడ రొద లేదని తీర్పు చెప్పడానికి వీల్లేదు. దీన్ని పట్టుకోవాలంటే ఒక బలహీనమైన అసలు సిగ్నల్ కావాలి. అది ఇచ్చేవారు బావగారు. ఒక ఆదివారం పొద్దున ఆయన్ని మీకు కేటాయించమనండి.

మొదటి పరీక్ష ఇది. మీ బేస్ సెట్ పవర్‌ను 5 వాట్లకు తగ్గించండి. చాలా సెట్లలో లో పవర్ మీట ఉంటుంది. బావగారు ఇంటి దగ్గర బయల్దేరి శ్రీకూర్మం రోడ్డున వెళ్తూ, ప్రతి కిలోమీటరుకూ బండి ఆపి, దిగి, హ్యాండ్‌సెట్‌ను ముఖానికి ఎదురుగా నిటారుగా పట్టుకుని మాట్లాడాలి. బండి నడుపుతూ వద్దు. ఎక్కడ మీ మాట ఆయనకు ఆగిపోయిందో, ఎక్కడ ఆయన మాట మీకు ఆగిపోయిందో రాసుకోండి. ఇద్దరూ 5 వాట్ల మీదే ఉన్నారు కాబట్టి రెండూ ఒకే చోట ఆగిపోతే మీ అందుకునే వైపు లోపమేమీ లేదు, మునుపటి తేడా అంతా వాట్లదే. మీ మాట ఏడెనిమిది కిలోమీటర్లు వెళ్లి, ఆయన మాట నాలుగు దగ్గరే ఆగితే తప్పు మీ అందుకునే వైపు ఉందని రుజువైనట్టే. నా అంచనా రెండోదే. అయినా ఈ పరీక్ష చేయకుండా ముందుకు వెళ్లకండి, ఎందుకంటే ఒక్క రూపాయి ఖర్చు లేకుండా సగం అనుమానాలను కొట్టేసేది ఇదే.

ఈ పరీక్షకు కొండలెక్కవద్దు. సాలిహుండం కొండ మీద నుంచి మాట్లాడితే అన్నీ బాగున్నట్టే అనిపిస్తుంది, ఎత్తు మన లోపాలన్నింటినీ కప్పేస్తుంది. మనకు కావలసింది మాట తెగిపోయే హద్దు. అది నేల మీదే దొరుకుతుంది.

బయల్దేరే ముందే సెట్టింగులు చూసుకోవాలి. బావగారి హ్యాండ్‌సెట్ లో పవర్‌లో ఉందేమో చూడండి. బ్యాటరీ చాలాసేపు రావాలని 1 వాట్‌లో పెట్టి మరిచిపోయేవాళ్లు చాలామంది ఉంటారు, అప్పుడు మీ ఇద్దరి మధ్య తేడా ఇరవై ఐదు రెట్లు అవుతుంది. బ్యాటరీ నిండుగా చార్జ్ అయి ఉండాలి. మీ బేస్ సెట్‌లో స్క్వెల్చ్‌ను రొద ఆగే చోటు వరకే తిప్పండి, అంతకు మించి బిగిస్తే బలహీనమైన మాటలు లోపలికి రావు. టోన్ స్క్వెల్చ్ (ఫలానా టోన్ కలిసి వచ్చిన మాటనే వినిపించే సెట్టింగు) పెట్టి ఉంటే తీసేయండి. సిగ్నల్ ఎంత వెడల్పు ఉండాలో చెప్పే నేరో, వైడ్ అనే సెట్టింగు రెండు సెట్లలోనూ ఒకటే ఉండాలి. హ్యాండ్‌సెట్ నేరోలోనూ బేస్ వైడ్‌లోనూ ఉంటే సిగ్నల్ సరిగ్గానే వచ్చినా బావగారి గొంతు సన్నగా, నీరసంగా వినబడుతుంది, రేంజ్ తగ్గిందని భ్రమపడతాం.

ఇక రొద వేట. బావగారు మాట తెగిపోతూ తెగిపోతూ ఉండే చోట, అంటే మీ లెక్కన నాలుగు కిలోమీటర్ల దగ్గర, నీడ చూసుకుని నిలబడాలి. మీరిద్దరూ మొబైల్‌లో మాట్లాడుకుంటూ ఉండండి. మీరు చెప్పినప్పుడల్లా ఆయన కాల్‌సైన్ చెప్పి పది పదిహేను సెకన్లు అంకెలు లెక్కపెట్టి ఆపాలి. ఏకబిగిన నొక్కి పట్టుకుంటే హ్యాండ్‌సెట్ వేడెక్కుతుంది. మీ స్క్వెల్చ్ పూర్తిగా తెరిచే ఉంచండి.

ఆ రాత్రి మీ ఇంట్లో రెండు మార్పులు ఒకేసారి జరిగాయి, గమనించారా? కరెంటు పోవడం ఒకటి, సెట్ కారు బ్యాటరీ మీదకు మారడం రెండోది. వాటిని విడదీయాలి. కరెంటు ఉండగానే సెట్‌ను కారు బ్యాటరీకి తగిలించండి. మామూలుగా వాడే పవర్ సప్లైని స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ నుంచే పీకేయండి. బావగారి మాట అప్పుడు తేటపడితే దొంగ మీ పవర్ సప్లైయే. తేలిగ్గా, చిన్నగా, చౌకగా దొరికే స్విచ్చింగ్ రకం సప్లైలు కొన్ని ఈ పని చేస్తాయి. లోపల అవి సెకనుకు వేల సార్లు కరెంటును తెంచి కలుపుతుంటాయి, సరైన ఫిల్టర్లు లేకపోతే ఆ రొద తీగల వెంట బయటికి వస్తుంది. బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాతకాలపు లీనియర్ సప్లై ఒకటి సంపాదిస్తే తీరిపోతుంది. లేదా సెట్‌ను ఎప్పుడూ బ్యాటరీ మీదే నడిపి, వాడని వేళ చార్జ్ చేసుకోండి. మీరు తుఫాను కోసం పెట్టుకున్న స్టేషన్‌కు ఈ రెండో పద్ధతే మేలని నా అభిప్రాయం.

బ్యాటరీ మీద కూడా మాట రాకపోతే, సెట్ బ్యాటరీ మీదే ఉంచి ఇంటి మెయిన్ ఆపండి. ఇన్వర్టర్‌ను కూడా ఆపాలి, ఇది చాలామంది మరిచిపోతారు. మెయిన్ ఆపగానే ఇన్వర్టర్ అందుకుని ఇంట్లో సగం సామాన్లు నడిపిస్తూనే ఉంటుంది, పైగా కొన్ని ఇన్వర్టర్లు తామే పెద్ద రొద పుట్టిస్తాయి. మీ ఉత్తరంలో ఇన్వర్టర్ కూడా ఆగిపోయిందన్న ముక్క అందుకే నాకు ముఖ్యంగా కనబడింది. అంతా ఆపాక మాట వస్తే రొద మీ ఇంట్లోదే. ఇప్పుడు ఎంసీబీలు ఒక్కొక్కటే పైకెత్తుతూ, ప్రతిసారీ బావగారిని లెక్కపెట్టమనండి. ఏ ఎంసీబీ వేయగానే మాట మునిగిపోయిందో ఆ లైన్ మీద ఉన్నవాటిని ఒక్కొక్కటిగా ప్లగ్ తీసి చూడండి. చౌక ఎల్ఈడీ బల్బులు, సీలింగ్‌లో పెట్టే ఎల్ఈడీ పట్టీల డ్రైవర్లు, సీసీ కెమెరాల అడాప్టర్లు, వైఫై రూటర్, సెట్‌టాప్ బాక్స్, ఫోన్ చార్జర్లు, ఇంటి మీద సోలార్ ఉంటే దాని ఇన్వర్టర్. వీటిలో నేను మొదట అనుమానించేది కెమెరాలను. అవి రాత్రింబగళ్లు నడుస్తాయి, వాటి తీగలు గోడల వెంట మేడ మీదిదాకా పాకి యాంటెన్నా పక్కనే ఆగుతాయి.

దొరికినదాన్ని ఏం చేయాలి? అడాప్టర్ అయితే మంచి కంపెనీది కొని మార్చండి, అదే అన్నింటికంటే సులువు. మార్చలేనిదైతే దాని తీగకు, సామానుకు వీలైనంత దగ్గరగా, క్లిప్‌లా బిగించే ఫెర్రైట్ ముక్కలు (తీగ వెంట పాకే రొదను అడ్డుకునే అయస్కాంత పదార్థం) వేయండి. యాంటెన్నా కేబుల్‌కు కూడా పైన యాంటెన్నా మొదట్లో నాలుగైదు ఫెర్రైట్లు తొడగడం మంచిది, లేకపోతే కేబుల్ పైతొడుగే ఇంట్లోని రొదను మోసుకెళ్లి యాంటెన్నాకు అప్పజెప్పుతుంది. కేబుల్‌ను కరెంటు తీగలతో, కెమెరా తీగలతో కలిపి ఒకే పైపులో దించి ఉంటే విడదీయండి.

మీ ఇంట్లో అన్నీ ఆపినా మాట రాకపోతే, వీధి మొత్తం కరెంటు పోయినప్పుడే వస్తుంటే, రొద పక్కిళ్లదో కరెంటు స్తంభాలదో. దాన్ని వెతకడానికి ఇంకో చిన్న హ్యాండ్‌సెట్ ఉంటే చాలు. స్క్వెల్చ్ తెరిచి, ఎక్కడో దూరంగా ఉన్న బావగారి బలహీనమైన మాట వింటూ, మేడ మీద నాలుగు మూలలా నడవండి. ఏ మూలకు వెళ్లినప్పుడు మాట చచ్చిపోతుందో ఆ వైపు ఇల్లు చూడండి. పక్కింటివాళ్లతో మాట్లాడేటప్పుడు మీ కెమెరా వల్ల నా రేడియో పాడైపోతోందని మొదలుపెడితే పని జరగదు. "ఒక్క ఐదు నిమిషాలు అది ఆపి చూద్దామా అండీ, నా రేడియోలో ఏదో గోల వస్తోంది" అనండి. దొరికితే కొత్త అడాప్టర్ మీరే కొనిపెట్టండి. తుఫాను వేళ ఆ రేడియో ఆ వీధికంతటికీ పనికొస్తుందని చెప్పండి, అది నిజమే కదా.

స్తంభాల రొదకు మన తీరప్రాంతంలో ఒక గుర్తుంది. సముద్రపు గాలిలోని ఉప్పు, దుమ్ము పింగాణీ ఇన్సులేటర్ల మీద పేరుకుని, తేమ తగలగానే సన్నగా నిప్పురవ్వలు లేస్తాయి. గట్టి వాన కురిసి కడిగేశాక కొన్నాళ్లు తగ్గి, మళ్లీ మొదలవుతుంది. మీ ఇబ్బంది వానాకాలంలో తగ్గి ఎండల్లో పెరుగుతుంటే అనుమానం ఇటు మళ్లించండి. స్తంభం నంబరు రాసుకుని 1912కు ఫోన్ చేసి, ఇన్సులేటర్ దగ్గర స్పార్కింగ్ ఉందని చెప్పండి. రేడియో గురించి వివరించనక్కర్లేదు, స్పార్కింగ్ అంటే వాళ్లకు అర్థమవుతుంది. స్తంభాన్ని కొట్టడం, సపోర్టు తీగ ఊపి చూడడం లాంటివి మాత్రం ఎవరు చెప్పినా చేయకండి.

బేస్ సెట్ రిసీవరే మందగించి ఉండే అవకాశం కూడా కొంచెం ఉంది. మీకు కరెంటు ఆనవాలు దొరికింది కాబట్టి దీన్ని చివర పెట్టాను. చూడడం తేలికే. బేస్ సెట్ తీసేసి, ఆ కేబుల్‌నే సరైన కనెక్టర్ ముక్కతో మరో హ్యాండ్‌సెట్‌కు తగిలించి వినండి. హ్యాండ్‌సెట్‌లో బావగారు వినబడి, బేస్ సెట్‌లో వినబడకపోతే బేస్ సెట్‌ను రిపేరుకు ఇవ్వాలి. హ్యాండ్‌సెట్‌లో కూడా వినబడకపోతే మాత్రం తొందరపడి తీర్పు చెప్పకండి. చౌక హ్యాండ్‌సెట్లకు మేడ మీది యాంటెన్నా తగిలిస్తే చుట్టుపక్కల బలమైన సిగ్నళ్లకు తట్టుకోలేక చెవుడు పట్టినట్టయిపోతాయి.

ఇప్పుడు మీ మిత్రుడి 50 వాట్ల సలహా. ఆ సెట్ కొంటే మీ మాట ఇంకో ఇరవై శాతం దూరం వెళ్తుంది. బావగారి మాట ఒక్క మీటరు కూడా ఎక్కువ రాదు. ఇప్పటికే వంకరగా ఉన్న తూకాన్ని ఇంకా వంచడానికి డబ్బు పెట్టినట్టవుతుంది. ఆపదలో అయితే ఇది ప్రమాదం కూడా. మీ మాట వినబడుతోంది కాబట్టి తన మాట మీకు చేరుతోందని అవతలివాళ్లు నమ్ముతారు, మీరేమో అటు ఎవరూ లేరనుకుంటారు. యాంటెన్నా దగ్గర ప్రీయాంప్లిఫైయర్, అంటే వచ్చే సిగ్నల్‌ను పెంచే పెట్టె, పెట్టమని కూడా మీకు ఎవరో ఒకరు చెబుతారు. రొద ఉన్న చోట అది రొదను కూడా పెంచుతుంది. పంపేటప్పుడు దాన్ని పక్కకు తప్పించే రిలే లేని రకమైతే మాట్లాడేటప్పుడు నొక్కే పీటీటీ మీట ఒక్కసారి నొక్కగానే కాలిపోతుంది.

షాపాయన చెప్పిన పెద్ద యాంటెన్నా చెడ్డ సలహా కాదు, కానీ దాని వంతు తర్వాత. రొద తగ్గాక మంచి యాంటెన్నా రెండు వైపులా దూరం పెంచుతుంది. రొద ఉండగా వేస్తే ఆ రొదను కూడా మరింత బాగా అందుకోవచ్చు. ఇంటి తీగల నుంచి ఎత్తుగా, దూరంగా జరిపితే మాత్రం దానికదే లాభం ఉంటుంది. కేబుల్ విషయానికొస్తే, మీది సన్నని ఆర్‌జీ-58 అయి 30 మీటర్లు ఉంటే 145 మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీలో దాదాపు ముప్పావు వంతు బలం అందులోనే పోతుంది. లావుపాటి ఆర్‌జీ-213 అయితే అదే పొడవుకు సగానికి కొంచెం తక్కువ పోతుంది. మార్చడం మంచిదే. మన గాలికి కనెక్టర్లలో పచ్చచిలుము పట్టడం మామూలు, ఏడాదికోసారి విప్పి చూసి, మళ్లీ రబ్బరు టేపుతో నీరు దూరకుండా చుట్టండి. ఇవన్నీ స్టేషన్ ఆరోగ్యానికి అవసరమే. మీరు అడిగిన తేడాకు మాత్రం ఇవి మందు కావు.

బావగారి వైపు ఒక చవకైన పని ఉంది, దానివల్ల రెండు వైపులా మేలు. హ్యాండ్‌సెట్‌తో వచ్చే రబ్బరు యాంటెన్నాకు కింది సగం అంటూ ఉండదు, చేయి, ఒళ్లు ఆ పని అరకొరగా చేస్తాయి. 49 సెంటీమీటర్ల మెత్తని వైరు ముక్క తీసుకుని, ఒక చివర యాంటెన్నా కనెక్టర్ బయటి లోహానికి, అంటే గ్రౌండ్‌కు, గట్టిగా తగిలేలా బిగించి, మిగతాది కిందికి వేలాడనివ్వండి. నడిమి పిన్నుకు తగలకూడదు. 145 మెగాహెర్ట్జ్ దగ్గర పావు తరంగం పొడవు అది. మాట తెగిపోతున్న చోట దీని తేడా చెవికి తెలుస్తుంది. ఇంకా కావాలంటే సాగే రకం పొడవాటి యాంటెన్నా కొనుక్కోవచ్చు. హ్యాండ్‌సెట్ నడుముకు తగిలించి, స్పీకర్ మైకుతో మాట్లాడే అలవాటు ఉంటే దూరం కావలసినప్పుడు మానేయమనండి. ఒళ్లు అడ్డుపడి బలంలో చాలా భాగం మింగేస్తుంది. తీసి, నోటికి నాలుగు వేళ్ల దూరంలో, నిటారుగా పట్టుకోవాలి.

తుఫాను గురించి మీ భయం నాకు అర్థమైంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తిత్లీ తీరం దాటాక ఉద్దానంలో కరెంటు, ఫోన్లు రెండూ పోయినప్పుడు ఒక్క కబురు కోసం జనం ఎంత తల్లడిల్లారో మన జిల్లాల్లో ఎవరూ మరిచిపోలేదు. అలాంటి రోజున వీధి మొత్తం చీకటైపోతుంది కాబట్టి మీ రిసీవర్‌కు రొద ఉండదు, ఆ రాత్రి శ్రీకూర్మం వినబడినట్టే వినబడుతుంది. కానీ ఆ వీధిలో ఎవరో జనరేటర్ వేసి అవే అడాప్టర్లు తగిలిస్తే మళ్లీ మొదటికొస్తుంది. మీ ఇన్వర్టర్ నడుస్తున్నా అంతే. అందుకే ఈ వేట ఇప్పుడే పూర్తి చేయండి. ఇన్వర్టర్ మీద ఆధారపడకుండా సెట్‌కు విడిగా ఒక 12 వోల్టుల బ్యాటరీ పెట్టుకోండి. నెలకోసారైనా బావగారితో రెండు వైపులా మాట్లాడి, ఏ ఊరి నుంచి ఏ రోజు ఎలా వినబడిందో పుస్తకంలో రాయండి. గాలివాన హెచ్చరిక రాగానే గొట్టం బిగింపులు, స్టే వైర్లు చూసుకోవడం మరిచిపోవద్దు.

శ్రీకూర్మం సమస్య తీరినట్టే ఉద్దానం సమస్య కూడా తీరిపోతుందని మాత్రం అనుకోకండి. అరసవల్లి నుంచి ఉద్దానం మీ యాంటెన్నా చూపుకు చాలా దూరం, 5 వాట్ల హ్యాండ్‌సెట్‌తో నేరుగా అందదు. టెక్కలి వైపు, నరసన్నపేట వైపు లైసెన్సున్న వాళ్లెవరైనా ఉంటే ఇప్పుడే పరిచయం చేసుకుని, మాటను చేతులు మార్చి అందించే ఏర్పాటు ముందుగా చేసుకోవాలి. లైసెన్సు లేని బంధువుల చేతికి మీ సెట్ ఇచ్చి ఒంటరిగా వదలకండి, వాళ్లను కూడా పరీక్ష రాయమనండి.

5 వాట్ల పరీక్షలో రెండు మాటలూ ఎక్కడెక్కడ ఆగాయో, బ్యాటరీకి మార్చినప్పుడు ఏమైందో రాసి పంపండి. మీ పవర్ సప్లై స్విచ్చింగ్ రకమా, లీనియరా, ఇంట్లో కెమెరాలు ఎన్ని, వాటి తీగలు ఏ వైపు నుంచి వెళ్తున్నాయి అన్నది కూడా చెబితే, తర్వాత ఏం విప్పి చూడాలో ఇంకా ఖచ్చితంగా చెప్పగలను.